ఇన్ఫెక్షన్‌లా కనిపించే జ్వరాలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటి సారాంశం ఒక్కటే. తీవ్రమైన ఇన్ఫెక్షన్ అని వైద్యం మొదలుపెట్టారు, ఎన్ని పరీక్షలు చేసినా క్రిమి దొరకలేదు, చివరికి అది శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే రేపిన జబ్బని తేలింది. అందువల్ల ఆ ఉత్తరాలను కుదించి ఒకచోట చేర్చి సమాధానాలు రాస్తున్నాను. ముందుగా ఒక విన్నపం: ఇక్కడ రాసినది చదివి ఎవరూ జరుగుతున్న యాంటీబయాటిక్ చికిత్సను సొంతంగా ఆపవద్దు. ఈ జబ్బులు అరుదైనవి, ఇన్ఫెక్షన్లు అరుదైనవి కావు.

ప్రశ్న: మా చెల్లెలికి 31 ఏళ్లు. గొంతునొప్పితో మొదలై మూడు వారాల పాటు రోజూ సాయంత్రం 103 డిగ్రీల జ్వరం వచ్చింది. తెల్లరక్తకణాలు 22,000 ఉన్నాయి. రక్తంలో ఇన్ఫెక్షన్ అని ఆసుపత్రిలో చేర్చి మూడు రకాల యాంటీబయాటిక్‌లు మార్చారు. కల్చర్లలో, అంటే రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్షల్లో, ఏమీ రాలేదు. ఇప్పుడు ‘స్టిల్స్ డిసీజ్’ అంటున్నారు, స్టెరాయిడ్ ఇవ్వగానే జ్వరం తగ్గింది. మొదటి డాక్టర్లు పొరబడినట్లేనా?

సమాధానం: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే పొరబడ్డారని నేను అనను. అంత జ్వరం, అన్ని తెల్లరక్తకణాలు ఉన్న మనిషికి సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) ఉండి ఉంటే, చికిత్స ఆలస్యమయ్యే ప్రతి గంటా ప్రాణానికి ముప్పే. స్టిల్స్ జబ్బు నిర్ధారణకు కొన్ని రోజులు పట్టినా సాధారణంగా కోలుకోవచ్చు. కాబట్టి ముందు ఇన్ఫెక్షన్‌గా భావించి వైద్యం చేయడం సరైన క్రమమే. నేను అడగవలసిన ప్రశ్న ఏదైనా ఉంటే అది రెండో వారానికి సంబంధించినది: ఒక యాంటీబయాటిక్ పనిచేయనప్పుడు మరింత బలమైనది వేయాలని ఆలోచించినంత సేపు, అసలు ఇది ఇన్ఫెక్షనేనా అని కూడా ఆలోచించారా?

పిల్లల్లో వచ్చే ఈ జబ్బును జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే ఆంగ్ల వైద్యుడు 1897లో వర్ణించారు. పెద్దవారిలోనూ ఇదే జబ్బు వస్తుందని ఎరిక్ బైవాటర్స్ అనే వైద్యుడు 1971లో 14 మంది రోగుల వివరాలతో చూపించారు. దీన్ని ఖాయం చేసే ఒకే ఒక్క పరీక్ష నేటికీ లేదు. 1992లో యమగూచి బృందం రూపొందించిన ప్రమాణాలనే ఎక్కువగా వాడుతున్నారు. 39 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే సుమారు 102 ఫారెన్‌హీట్‌కు తగ్గని జ్వరం వారం పైగా ఉండటం, కీళ్లనొప్పులు రెండు వారాలు దాటడం, ఈ జబ్బుకే ప్రత్యేకమైన దద్దు, తెల్లరక్తకణాలు 10,000 దాటి వాటిలో కనీసం 80 శాతం గ్రాన్యులోసైట్లు అనే రకం కావడం ముఖ్య లక్షణాలు. గొంతునొప్పి, లింఫు గ్రంథులు లేదా ప్లీహం పెరగడం, కాలేయ పరీక్షల్లో తేడా, ఇతర కీళ్లవాతాలను పట్టించే రుమటాయిడ్ ఫ్యాక్టర్, ఏఎన్ఏ పరీక్షలు నెగటివ్‌గా రావడం వీటికి తోడుగా చూసేవి. మొత్తం మీద ఐదు ఉండాలి, వాటిలో కనీసం రెండు ముఖ్య లక్షణాలు కావాలి. అన్నిటికంటే కీలకమైన షరతు మరొకటి ఉంది: ఇన్ఫెక్షన్లు, క్యాన్సర్లు, ఇతర రుమటాలజీ (కీళ్లకు, రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన) జబ్బులు లేవని ముందే తేల్చుకోవాలి. మీ చెల్లెలి మూడు వారాల్లో చాలా భాగం ఆ తేల్చుకోవడానికే పట్టి ఉంటుంది.

ఈ జబ్బులో జ్వరం నడిచే తీరును దగ్గరగా గమనించాలి. రోజుకొకసారి, ఎక్కువగా సాయంత్రం పూట, చలితో ఒక్కసారిగా పైకి లేస్తుంది. కొన్ని గంటల్లో మామూలు స్థాయికి, ఒక్కోసారి అంతకంటే కిందికి దిగిపోతుంది. జ్వరం ఉన్నంతసేపు నీరసించిపోయిన మనిషి అది దిగాక లేచి కూర్చుని మాట్లాడుతుంది. లేత గులాబీ, నారింజ రంగులు కలిసినట్లుండే దద్దు జ్వరంతో పాటే ఛాతీ మీద, వీపు మీద, భుజాల దగ్గర తేలి, జ్వరంతో పాటే మాయమవుతుంది. చాలామందిలో దురద కూడా ఉండదు. పెద్ద డాక్టర్లు రౌండ్లకు వచ్చేది ఉదయం, దద్దు తేలేది సాయంత్రం. రాత్రి డ్యూటీలో ఉన్నవారు చూసినా, యాంటీబయాటిక్ నడుస్తోంది కనుక దాన్ని మందు పడకపోవడం వల్ల వచ్చిన అలర్జీగా భావించే అవకాశం ఎక్కువ. ఈ జబ్బు ఆనవాలు చాలాసార్లు తప్పిపోయేది ఇక్కడేనని నా అభిప్రాయం.

ఫెరిటిన్ అనే పరీక్ష మరొక సూచన ఇస్తుంది. శరీరంలో ఇనుమును నిల్వ చేసే ఈ ప్రొటీన్ మామూలుగా కొన్ని వందలు దాటదు, స్టిల్స్ జబ్బులో వేలల్లోకి పోతుంది. అందులో గ్లైకోసైలేటెడ్ ఫెరిటిన్ వాటా 20 శాతానికి మించకపోతే అనుమానం ఇంకా బలపడుతుంది, అయితే ఆ పరీక్ష అన్ని ప్రయోగశాలల్లోనూ దొరకదు. ఇంటర్‌ల్యూకిన్-1, 6, 18 అనే సంకేత ప్రొటీన్లు అదుపు తప్పి విడుదల కావడమే ఈ జబ్బుకు మూలం. అందుకే స్టెరాయిడ్‌తో అదుపులోకి రానివారికి, లేదా స్టెరాయిడ్ తగ్గించలేని స్థితిలో ఉన్నవారికి అనాకిన్రా, కనాకినుమాబ్, టోసిలిజుమాబ్ వంటి మందులు, కీళ్ల బాధ ప్రధానంగా ఉంటే మెథోట్రెక్సేట్ వాడతారు. కొందరిలో ఒక్కసారి వచ్చి పోతుంది, కొందరిలో తిరగబెడుతుంది, ఇంకొందరిలో కీళ్లలో స్థిరపడుతుంది. మీ చెల్లెలిది ఏ దారి అన్నది మొదటి సంవత్సరం గడిస్తే గాని చెప్పలేము.

ప్రశ్న: కల్చర్ నెగటివ్ వస్తే ఇన్ఫెక్షన్ లేనట్టు కాదా? మరి ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్షలు సీఆర్పీ, ప్రొకాల్సిటోనిన్ రెండూ బాగా పెరిగాయంటే ఇన్ఫెక్షన్ ఉన్నట్టు కాదా? ఒకటి లేదంటుంది, ఒకటి ఉందంటుంది. దేన్ని నమ్మాలి?

సమాధానం: విడిగా దేన్నీ నమ్మకూడదు. కల్చర్ నెగటివ్ రావడానికి కారణాలు అనేకం. రక్తం తీయడానికి ముందే యాంటీబయాటిక్ పడి ఉండవచ్చు. క్షయ క్రిమి మామూలు కల్చర్‌లో పెరగదు, దానికి వేరే మాధ్యమం, వారాల సమయం కావాలి. స్క్రబ్ టైఫస్, క్యూ ఫీవర్ అనే జ్వరాలను కలిగించే క్రిములు, వైరస్‌లు ఆ సీసాల్లో అసలు పెరగవు. కాలేయంలోనో, వెన్నెముక పక్కనో దాగిన చీముగడ్డ రక్తంలోకి క్రిములను వదలకపోవచ్చు. గుండె కవాటాల ఇన్ఫెక్షన్‌ను ఎకో పరీక్షతో విడిగా వెతకాలి. కాబట్టి ‘కల్చర్ రాలేదు, ఇక స్టెరాయిడ్ వేద్దాం’ అనే తొందరను నేను సమర్థించను.

సీఆర్పీ విషయానికొస్తే, దాన్ని తయారు చేసేది కాలేయం, తయారు చేయమని ఆదేశించేది ప్రధానంగా ఇంటర్‌ల్యూకిన్-6. ఆ ఆదేశం బ్యాక్టీరియా వల్ల వెళ్లిందా, దారి తప్పిన రోగనిరోధక వ్యవస్థ వల్ల వెళ్లిందా అన్నది కాలేయానికి తెలియదు. నిప్పు లేనిదే పొగ రాదన్నది నిజమే గాని, పొగను చూసి నిప్పు పెట్టిందెవరో చెప్పలేము. ప్రొకాల్సిటోనిన్ దీనికంటే కొంత మెరుగు, బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లలో బాగా పెరుగుతుంది. అయినా పెద్ద శస్త్రచికిత్సల తరువాత, తీవ్రమైన గాయాల్లో, కాలిన గాయాల్లో, స్టిల్స్ జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు కూడా అది పెరగవచ్చు. ఫెరిటిన్ సైతం కాలేయం దెబ్బతిన్నా, కిడ్నీలు విఫలమైనా, పలుమార్లు రక్తం ఎక్కించుకున్నా పెరుగుతుంది. అంకెల కంటే అవి రోజురోజుకూ ఎటు నడుస్తున్నాయో, రోగి ఒంటి మీద కనిపించే లక్షణాలతో పొసగుతున్నాయో లేదో చూడటం ముఖ్యం.

కారణం తెలియని జ్వరాలను పీటర్స్‌డార్ఫ్, బీసన్ అనే వైద్యులు 1961లోనే నిర్వచించారు. 38.3 డిగ్రీలకు మించిన జ్వరం మూడు వారాలు దాటడం, ఆసుపత్రిలో వారం వెతికినా కారణం దొరకకపోవడం ఆ నిర్వచనం. ఇన్ఫెక్షన్లు, క్యాన్సర్లు, ఇన్‌ఫ్లమేషన్ (క్రిమి లేకుండానే రోగనిరోధక వ్యవస్థ రేపే వాపు) జబ్బులు అనే మూడు తలుపులూ తట్టాలన్న వారి పద్ధతి నేటికీ చెల్లుతుంది. ఇప్పుడు ఆ వెతుకులాటకు పెట్-సీటీ స్కాన్ బాగా తోడ్పడుతోంది. బయాప్సీ, అంటే పరీక్షకు చిన్న ముక్క, ఎక్కడ నుంచి తీస్తే ఫలితం ఉంటుందో అది చూపించగలదు.

ప్రశ్న: మా నాన్నగారి కాలి మీద చిన్న పొక్కు లేచి రెండు రోజుల్లో పుండయింది. చీము పట్టిందని శుభ్రం చేసి చచ్చిన కండ తీశారు. తీసిన కొద్దీ పెద్దదైంది. మూడోసారి ఆపరేషన్ తరువాత చర్మవ్యాధుల డాక్టరు చూసి, ఇది ఇన్ఫెక్షనే కాదని, కత్తి పెట్టకూడదని చెప్పారు. ఇదెలా సాధ్యం?

సమాధానం: మీ వర్ణనను బట్టి అది పయోడెర్మా గ్యాంగ్రినోసమ్ అయి ఉండాలి. 1930లో ఈ పేరు పెట్టినప్పుడు దీన్ని ఇన్ఫెక్షన్ అనే అనుకున్నారు. నిజానికి ఇది న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాలు చర్మంలోకి గుంపులుగా చేరి కణజాలాన్ని కరిగించే జబ్బు. పెద్దపేగు పూత, క్రోన్స్ జబ్బు, రుమటాయిడ్ ఆర్థరైటిస్, కొన్ని రక్తసంబంధ వ్యాధులు ఉన్నవారిలో ఎక్కువగా వస్తుంది. ఈ జబ్బు ఉన్న కొందరిలో చర్మానికి తగిలే చిన్న గాయం కూడా కొత్త పుండుకు కారణం కావచ్చు. దీన్నే పాథర్జీ అంటారు. సూది గుచ్చిన చోట పొక్కు లేవడం, కుట్లు వేసిన చోట అంచులు విడిపోయి నల్లబడటం, చర్మం తీసి అతికించడానికి తొడ మీద గీసిన చోట మరో పుండు మొదలవడం దీని లక్షణాలు. పుండు అంచు ఊదా రంగులో ఉంటుంది, లోపలి వైపు తొలిచినట్లుగా ఉంటుంది, చూసిన పరిమాణానికి మించిన నొప్పి ఉంటుంది.

1964లో రాబర్ట్ డగ్లస్ స్వీట్ వర్ణించిన స్వీట్స్ సిండ్రోమ్ కూడా ఈ కుటుంబానిదే. జ్వరం, రక్తంలో న్యూట్రోఫిల్స్ పెరగడం, నొప్పితో కూడిన ఎర్రటి దళసరి మచ్చలు దాని లక్షణాలు. ఈ రెండు జబ్బులూ అరుదుగా ఎంత ఉధృతంగా వస్తాయంటే, తీవ్ర జ్వరం, రక్తపోటు పడిపోవడం, కండ నల్లబడటం అన్నీ కలిసి నెక్రొటైజింగ్ ఫేషియైటిస్ అనే ప్రాణాంతక ఇన్ఫెక్షన్‌ను అచ్చంగా పోలి ఉంటాయి.

ఇక్కడ సర్జన్ స్థితిని అర్థం చేసుకోవాలి. అది నిజంగా నెక్రొటైజింగ్ ఫేషియైటిస్ అయితే గంటల్లో కండ తీసివేయకపోతే రోగి బతకడు. అందువల్ల మొదటి ఆపరేషన్‌ను తప్పుపట్టలేము. అయితే ఆ మొదటి ఆపరేషన్‌లోనే తీసిన కణజాలాన్ని కల్చర్‌కూ, సూక్ష్మదర్శిని పరీక్షకూ రెండింటికీ పంపాలి. కణజాలమంతా న్యూట్రోఫిల్స్‌తో నిండి ఉండి, ఏ రంగు వేసి చూసినా క్రిమి కనిపించకుండా, పుండు మాత్రం కోసిన అంచు దాటి పాకుతుంటే, రెండోసారి కత్తి పట్టే ముందు ఆగి చర్మవ్యాధుల నిపుణుణ్ని పిలవాలి. ఆ పిలుపు ఆలస్యమై కాలు తీసివేయవలసి వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఇది నన్ను కలవరపెట్టే విషయం, ఎందుకంటే అక్కడ కావలసింది ఖరీదైన యంత్రం కాదు, ఒక సందేహం మాత్రమే.

చికిత్స విషయంలో ఆశ వదులుకోనవసరం లేదు. స్టెరాయిడ్, సైక్లోస్పోరిన్ అనే రెండు మందులను పోల్చి 2015లో వెలువడిన అధ్యయనంలో రెండూ సమానంగానే పనిచేశాయి, ఆరు నెలలకు సుమారు సగం మందిలో పుండ్లు పూర్తిగా మానాయి. వీటితో లొంగనివారికి ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటివి ఉన్నాయి. పుండు నెమ్మదిగా మానుతుంది, మచ్చ మిగులుతుంది. మీ నాన్నగారికి ఇకపై ఏ కారణంతో ఆపరేషన్ చేయవలసి వచ్చినా, పళ్లు తీయించుకున్నా సరే, ఈ జబ్బు సంగతి ముందే చెప్పండి.

ప్రశ్న: రెండేళ్ల బాబుకు ఐదు రోజులుగా జ్వరం. మూత్రంలో చీము కణాలున్నాయని యాంటీబయాటిక్ ఇచ్చారు, తగ్గలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పెదవులు పగిలాయి. పక్కింటివారు ‘కవాసాకి’ అంటున్నారు. భయపడాలా?

సమాధానం: ఈ సంచిక మీ చేతికి అందేదాకా మీరు ఆగి ఉండరని ఆశిస్తున్నాను. ఇదే స్థితిలో ఉన్న ఇతర తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను: అదే రోజు పిల్లల నిపుణుడికి చూపించి, కవాసాకి కాదు కదా అని నేరుగా అడగండి. జపాన్‌కు చెందిన తొమిసాకు కవాసాకి 1967లో 50 మంది పిల్లల వివరాలతో ప్రకటించిన ఈ జబ్బులో రక్తనాళాల గోడలు వాస్తాయి. ఐదు రోజుల జ్వరంతో పాటు పుసి కట్టకుండా రెండు కళ్లూ ఎర్రబడటం, పెదవులు, నాలుక ఎర్రగా మారి పగలడం, ఒంటి మీద దద్దు, అరచేతులు, పాదాలు ఎర్రబడి వాయడం, మెడలో బిళ్ల కట్టడం అనే ఐదింటిలో నాలుగు ఉంటే నిర్ధారిస్తారు. నెలల పసివారిలో రెండు మూడే కనిపించవచ్చు, ముప్పు మాత్రం వారికే ఎక్కువ. మూత్రంలో చీము కణాలు ఉండి క్రిములు లేకపోవడం ఈ జబ్బులో తరచూ కనిపిస్తుంది. దాన్ని మూత్రనాళ ఇన్ఫెక్షన్‌గా, మెడలో బిళ్లను చీముగడ్డగా పొరబడుతుంటారు. బీసీజీ టీకా వేసిన చోట మచ్చ మళ్లీ ఎర్రబడితే అది మంచి ఆధారం. వేళ్ల చివర చర్మం ఊడటం రెండో వారంలో గాని రాదు, దాని కోసం ఎదురుచూడకూడదు.

చికిత్స లేకపోతే సుమారు నాలుగో వంతు పిల్లల్లో గుండె రక్తనాళాలు ఉబ్బుతాయి. జ్వరం మొదలైన పది రోజుల్లోపు కిలో బరువుకు 2 గ్రాముల చొప్పున ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన ప్రతిరక్షకాలు) ఎక్కిస్తే ఆ ముప్పు ఐదు శాతం దరిదాపులకు పడిపోతుంది. అందుకే దీనిలో రోజులు లెక్కపెట్టాలి.

ప్రశ్న: స్టిల్స్ జబ్బు ఉన్న మా అమ్మాయికి మళ్లీ జ్వరం వచ్చింది. ఈసారి తెల్లరక్తకణాలు 20,000 నుంచి 3,000కు, ప్లేట్‌లెట్లు 60,000కు పడిపోయాయి. ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్ తగ్గిందని సంతోషించాము. కానీ డాక్టర్లు ఐసీయూకి మార్చారు. హెచ్ఎల్హెచ్ అంటున్నారు, ఇన్ఫెక్షన్ కూడా ఉండవచ్చంటున్నారు. రెండూ ఎలా ఉంటాయి?

సమాధానం: రెండూ ఉండవచ్చు, ఈ విషయం మొత్తంలో అన్నిటికంటే కష్టమైన భాగమూ ఇదే. హెచ్ఎల్హెచ్ అంటే హీమోఫాగోసైటిక్ లింఫోహిస్టియోసైటోసిస్. క్రిములను మింగవలసిన మాక్రోఫేజ్ కణాలు రెచ్చిపోయి సొంత రక్తకణాలనే మింగుతాయి. స్టిల్స్ వంటి జబ్బుల్లో ఇది వస్తే మాక్రోఫేజ్ యాక్టివేషన్ సిండ్రోమ్ అని పిలుస్తారు. జ్వరం, ప్లీహం పెరగడం, రక్తకణాలు పడిపోవడం, ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరగడం లేదా రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్ తగ్గడం, ఫెరిటిన్ 500 దాటడం, ఎముక మజ్జలో రక్తకణాలను మింగిన కణాలు కనిపించడం, మరో రెండు ప్రత్యేక పరీక్షలు కలిపి మొత్తం ఎనిమిదింటిలో ఐదు ఉంటే నిర్ధారించాలని 2004 నాటి ప్రమాణాలు చెబుతాయి. ఆచరణలో ఫెరిటిన్ చాలామందిలో వేలు, పదివేలు దాటి ఉంటుంది.

మీరు చూసి సంతోషించిన ఈఎస్ఆర్ తగ్గుదలే ఇక్కడ హెచ్చరిక. ఎర్రకణాలు త్వరగా కిందికి దిగేలా చేసేది ఫైబ్రినోజెన్, ఈ జబ్బులో అది ఖర్చయిపోతుంది కనుక ఈఎస్ఆర్ పడిపోతుంది. జ్వరం, సీఆర్పీ అలాగే ఉండగా ఈఎస్ఆర్, తెల్లరక్తకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ కలిసి దిగితే అది కోలుకోవడం కాదు.

ఇక ఇన్ఫెక్షన్ సంగతి. ఎప్‌స్టీన్-బార్ వైరస్, డెంగీ, స్క్రబ్ టైఫస్, క్షయ, కాలా అజార్ అనే పరాన్నజీవి జ్వరం వంటివి హెచ్ఎల్హెచ్‌ను రేపగలవు. లింఫోమా అనే క్యాన్సర్ కూడా రేపగలదు. కాలా అజార్ వల్ల వచ్చినప్పుడు ఆ పరాన్నజీవిని చంపే ఆంఫోటెరిసిన్ ఇస్తేనే చాలావరకు నయమవుతుంది. అది కనిపెట్టకుండా హెచ్ఎల్హెచ్‌కు వాడే కీమోథెరపీ ఇవ్వడం అనవసరమైన ప్రమాదం. మరోవైపు, ఏ ఇన్ఫెక్షనో తేలేదాకా రోగనిరోధక వ్యవస్థను అణచకూడదని కూర్చుంటే రోగి చేయిజారిపోవచ్చు. అందువల్ల మజ్జ పరీక్ష, అవసరమైతే లింఫు గ్రంథి బయాప్సీ వీలైనంత త్వరగా తీసి, యాంటీబయాటిక్‌లు కొనసాగిస్తూనే స్టెరాయిడ్, అనాకిన్రా వంటివి మొదలుపెడతారు. స్టెరాయిడ్ ముందే పడితే లింఫోమా కణాలు కొంతకాలం కనిపించకుండా పోవచ్చు. బయాప్సీ కోసం డాక్టర్లు ఒత్తిడి చేసేది అందుకే, దయచేసి కాదనవద్దు.

ప్రశ్న: మా పెద్దనాన్నకు 68 ఏళ్లు. రెండేళ్లుగా న్యుమోనియా అని నాలుగుసార్లు చేర్చారు. ప్రతిసారీ స్టెరాయిడ్ ఇచ్చినప్పుడే తగ్గుతోంది. చెవులు ఎర్రగా వాస్తున్నాయి, రక్తం తక్కువగా ఉంటోంది.

సమాధానం: వెక్సాస్ అనే జబ్బు గురించి మీ డాక్టరును అడగండి. 2020లో గుర్తించిన జబ్బు ఇది. ఎక్స్ క్రోమోజోమ్ మీది యూబీఏ1 జన్యువులో మజ్జ కణాలకు పుట్టాక వచ్చే మార్పు దీనికి కారణం, కాబట్టి దాదాపు అందరూ 50 దాటిన పురుషులే, పిల్లలకు సంక్రమించదు. జ్వరం, ఊపిరితిత్తుల్లో నీడలు, చెవి మృదులాస్థి వాపు, చర్మం మీద దద్దులు, ఎర్రకణాలు పెద్దవిగా ఉండే రక్తహీనత కలిసి వస్తాయి. రక్తంతో చేసే జన్యుపరీక్షతో తేలుతుంది. చెవి తమ్మె వాయకుండా పైభాగం మాత్రమే వాస్తోందేమో చూసి చెప్పండి, మృదులాస్థి ఉండేది అక్కడే.

ప్రశ్న: ఇలాంటి స్థితిలో ఇంటివారు చేయగలిగింది ఏమైనా ఉందా?

సమాధానం: చాలా ఉంది. నాలుగు గంటలకొకసారి జ్వరం చూసి సమయంతో సహా రాయండి, పారాసిటమాల్ ఎప్పుడు వేశారో పక్కనే రాయండి. దద్దు తేలిన క్షణంలో మంచి వెలుతురులో ఫోటో తీయండి. సాయంత్రపు ఆ ఒక్క ఫోటో ఉదయం డాక్టరుకు పది పరీక్షలంత ఉపయోగపడవచ్చు. ఏ యాంటీబయాటిక్ ఏ తేదీన మొదలై ఏ తేదీన ఆగిందో ఒక కాగితం మీద ఉంచండి. నాలుగైదు రోజుల తరువాత కూడా మార్పు లేకపోతే, ఇది ఇన్ఫెక్షన్ కాకపోయే అవకాశం ఉందా, రుమటాలజిస్టు అభిప్రాయం తీసుకోవచ్చా అని మర్యాదగా అడగండి. మంచి వైద్యులు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

స్టెరాయిడ్ లేదా ఇతర అణచివేత మందులు మొదలుపెట్టే ముందు క్షయ, హెపటైటిస్-బి పరీక్షలు చేశారో లేదో తెలుసుకోండి. అత్యవసరమైతే మందు ఆపనక్కరలేదు గాని ఆ పరీక్షలు మరుగున పడకూడదు. స్ట్రాంగిలాయిడ్స్ అనే నులిపురుగు సోకి ఉంటే స్టెరాయిడ్‌తో అది శరీరమంతా పాకి, అసలైన సెప్సిస్‌నే తెచ్చిపెట్టగలదు.

చికిత్స కుదుటపడ్డాక గుర్తుంచుకోవలసింది ఒకటి ఉంది. టోసిలిజుమాబ్ వాడుతున్నవారిలో ఇంటర్‌ల్యూకిన్-6 పనిచేయదు కనుక, నిజమైన ఇన్ఫెక్షన్ వచ్చినా సీఆర్పీ పెరగకపోవచ్చు, జ్వరం రాకపోవచ్చు. కడుపునొప్పి, ఆయాసం, కొత్తగా వచ్చిన మగత ఏదైనా సరే, సీఆర్పీ బాగానే ఉందని ఇంట్లో ఉండిపోకూడదు. అలాగే కొత్త జ్వరం వచ్చినప్పుడు పాత జబ్బే తిరగబెట్టిందనుకుని స్టెరాయిడ్ మోతాదు సొంతంగా పెంచకూడదు, ఒక్కసారిగా ఆపనూ కూడదు. వాడుతున్న మందుల పేర్లు, మోతాదులు రాసిన కాగితం పర్సులో ఉంచుకుని, ఏ ఆసుపత్రికి వెళ్లినా అత్యవసర విభాగంలో మొట్టమొదట దాన్ని చూపించండి.